బర్న్‌సైడ్ కార్బైన్: సందు లేని తుపాకీ, వదలని తూటా

కార్బైన్ అంటే గుర్రపు రౌతు కోసం చేసిన పొట్టి తుపాకీ. ఈ బర్న్‌సైడ్ కార్బైన్ మొత్తం పొడవు 39.5 అంగుళాలు, అంటే దాదాపు ఒక మీటరు. గొట్టం 21 అంగుళాలు. బరువు 7 పౌన్లు, మన లెక్కలో మూడు కిలోల పైచిలుకు. కాలిబర్, అంటే గొట్టం రంధ్రం వెడల్పు, 0.54 అంగుళం. ఒకసారికి ఒకటే తూటా. నింపడం వెనక నుంచి, నిప్పు అందించడం మాత్రం బయటి నుంచి. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సర్కారు కొన్న కార్బైన్లలో సంఖ్య ప్రకారం ఇది మూడోది: 55,567. దీనికి ముందు ఉన్నవి రెండే. స్పెన్సర్ 94,196, షార్ప్స్ 80,512.

తీర్పు ముందే చెప్పేస్తే, తయారీ బాగుంది, ఆలోచన ఇంకా బాగుంది, తూటాయే తలనొప్పి. పదికి ఏడు మార్కులు వేయొచ్చు. తగ్గించిన మూడూ తూటా ఖాతాలోవే.

దీనికి పేరిచ్చిన ఆంబ్రోస్ ఎవరెట్ బర్న్‌సైడ్‌ని ఇవాళ గుర్తుపెట్టుకున్నవాళ్లు రెండు సంగతులకే గుర్తుపెట్టుకున్నారు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఓడిన సేనాని ఒకటి, చెంపల మీద గుబురుగా పెంచిన జుట్టు ఇంకొకటి. సెలూన్‌లో మనం సైడ్‌బర్న్స్ అంటామే, అది ఆయన ఇంటిపేరును తిరగేస్తే వచ్చిన మాట. ఆయన చేసిన పనుల్లో బుర్ర పెట్టి, ఓపిగ్గా, చివరిదాకా ఆలోచించి చేసింది ఏదని అడిగితే మాత్రం ఈ తుపాకీనే చూపించాలి. సేనాని మీద ఉన్న చెడ్డపేరు దీనికి అంటగట్టకూడదు.

ముందు దీని అవసరం ఎక్కడ పుట్టిందో చూడాలి. 1850ల దాకా రౌతు చేతిలో ఉన్న తుపాకీల్లో ఎక్కువ భాగం మూతి నుంచి నింపేవే. మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. నేల మీద నిలబడి చేస్తే సరే. గుర్రం మీద, ఒక చేతిలో కళ్లెం ఉండగా ఈ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెనక నుంచి నింపేలా గొట్టాన్ని రెండు ముక్కలు చేస్తే ఈ బాధ పోతుంది. కానీ రెండు ముక్కలు అన్నాక మధ్యలో అతుకు ఉంటుంది, అతుకు అన్నాక సందు ఉంటుంది. తుపాకిమందు కాలినప్పుడు పుట్టే వేడి వాయువు (ఇక్కడ ఆవిరి అందాం) ఆ సందులోంచి వెనక్కి తన్నుతుంది. కాల్చేవాడి ముఖం పక్కనే మంట. గాస్కెట్ పోయిన ప్రెషర్ కుక్కర్ పక్కన నిలబడ్డట్టే, కాకపోతే కుక్కర్‌ని ఎవరూ కంటి దగ్గర పెట్టుకోరు. పైగా గుండును తోయాల్సిన బలంలో కొంత ఇక్కడే కారిపోతుంది. ఆ కాలపు వెనక నింపే తుపాకీల్లో చాలావాటి రోగం ఇదే.

బర్న్‌సైడ్ పుట్టింది 1824లో, ఇండియానా రాష్ట్రంలోని లిబర్టీ అనే ఊళ్లో. కుర్రతనంలో దర్జీ పని నేర్చుకుని ఆ ఊళ్లోనే ఒక దర్జీ దుకాణంలో వాటాదారయ్యాడు. తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక పాఠశాలలో చేరి 1847లో బయటికొచ్చాడు. మెక్సికో యుద్ధానికి వెళ్లేసరికి పెద్ద పోరాటాలు అయిపోయాయి. 1849లో న్యూ మెక్సికోలోని లాస్ వేగాస్ దగ్గర (జూదశాలల ఊరు కాదు, అది నెవాడాలోది) అపాచీలతో జరిగిన కొట్లాటలో మెడకు బాణం తగిలింది. 1853లో సైన్యానికి రాజీనామా ఇచ్చి, రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో తుపాకీల కార్ఖానా పెట్టాడు. పేటెంటు తేదీ 1856 మార్చి 25.

ఆయన పట్టుకున్న కిటుకు ఇది. అతుకును ఇనుముతో మూయాలని అందరూ తంటాలు పడుతుంటే, ఆయన ఆ పనిని తూటాకే అప్పగించాడు. తూటా తొడుగు పల్చటి ఇత్తడితో చేసిన గరాటు. వేరుశనగ పొట్లం ఆకారం గుర్తు తెచ్చుకోండి. కింద సన్నం, పైన వెడల్పు, పై మూతిలో సీసపు గుండు. అడుగున సన్నని చివర ఒక చిన్న రంధ్రం. కాల్చినప్పుడు ఇత్తడి ఉబ్బి, గొట్టానికీ బ్రీచ్ బ్లాక్‌కీ (తూటాను పట్టుకుని గొట్టం వెనక మూసే ఇనుప దిమ్మ) మధ్య ఉన్న అతుకును లోపలి నుంచి కప్పేస్తుంది. ఆవిరి ఎంత గట్టిగా తోస్తే మూత అంత గట్టిగా బిగుస్తుంది. ఇనుప ముక్కలు వాడకంతో అరిగినా పెద్ద ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రతి కాల్పుకీ కొత్త మూత వస్తోంది. ఇప్పటి ఇత్తడి తూటాలన్నీ చేసే పని ఇదే.

వాడే పద్ధతి ఇలా ఉంటుంది. సుత్తిని సగం లాగి ఉంచాలి. కిందికి చూస్తే ట్రిగ్గర్ చుట్టూ రెండు కమ్మీలు కనిపిస్తాయి. లోపలిది గొళ్లెం, బయటిది లివర్. రెండింటినీ కలిపి వేళ్లతో పిండినట్టు నొక్కితే గొళ్లెం వదులుతుంది, లివర్ కిందికి దిగుతుంది, దానితోపాటు బ్రీచ్ బ్లాక్ కిందికి వచ్చి నోరు పైకి తెరుస్తుంది. తూటాను సన్నని చివర కిందికి, గుండు పైకి ఉండేలా ఆ నోట్లో దించాలి. లివర్ పైకి లాగితే బ్లాక్ లేచి తన చోట కూర్చుంటుంది, బయటికి పొడుచుకొచ్చిన గుండు గొట్టం వెనక భాగంలోకి దూరుతుంది. ఇప్పుడు నిపుల్ (సుత్తి కింద ఉండే బోలు మొన) మీద పెర్కషన్ క్యాప్ (సుత్తి దెబ్బకి పేలి నిప్పు ఇచ్చే చిన్న లోహపు టోపీ) తొడగాలి. సుత్తి పూర్తిగా లాగి ట్రిగ్గర్ నొక్కాలి. క్యాప్ పేలి, నిప్పు సన్నని దారి వెంట బ్లాక్ అడుగుకు చేరి, తూటా అడుగు రంధ్రంలోంచి మందుకు అంటుకుంటుంది. కడ్డీ లేదు, దట్టించడం లేదు, తూటాను తలకిందులుగా పెడదామన్నా కుదరదు, ఎందుకంటే గరాటు ఒక వైపే దిగుతుంది. చీకట్లో, వణికే చేతులతో కూడా తప్పు జరగని ఆకారం ఇది. ఈ ఒక్కదానికే ఒక మార్కు ఎక్కువ వేయాలనిపిస్తుంది.

ఇక జబ్బు సంగతి. కాల్చాక తొడుగు ఊడి రాదు. ఈ తుపాకీ మీద సైనికులు ఎక్కువగా చేసిన ఫిర్యాదు ఇదే. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టి, పొద్దున్నే విడదీయడానికి కుస్తీ పట్టని ఇల్లు ఉండదు. ఏటవాలు గోడలున్న రెండు పాత్రలు ఒకదానిలో ఒకటి గట్టిగా దిగితే జరిగేది అదే. ఇక్కడ లోపలి గ్లాసు పల్చటి ఇత్తడి, దాన్ని కిందికి తోసింది చేయి కాదు, పేలుడు. నిజానికి ఏటవాలు తొడుగు కొద్దిగా కదిలితే చాలు, చుట్టూ ఒకేసారి వదులైపోవాలి. కాల్చిన కొత్తలో అలాగే వదులుతుంది కూడా. పది పన్నెండు కాల్పులయ్యాక బ్లాక్ లోపలి గోడ మీద మసి పేరుకుంటుంది, ఇత్తడి ఆ మసిలోకి ఒత్తుకుంటుంది, అప్పుడు మొదలవుతుంది గొడవ. అంటే ఆవిరిని ఆపిన గుణమే తొడుగునూ పట్టేసింది. ఒకటి కావాలంటే రెండోది భరించక తప్పదు.

దీనికి తోడు, తొడుగును బయటికి తోసే ఎక్‌స్ట్రాక్టర్ అనే భాగమే ఇందులో లేదు. లివర్ దించి, వెడల్పు మూతి అంచును వేళ్లతో పట్టుకుని లాగాలి. కాల్చిన ఇత్తడి వేడిగా ఉంటుంది. చేతికి గ్లౌజులుంటే పట్టు దొరకదు, లేకపోతే వేలు కాలుతుంది. ఇప్పుడు పాత తుపాకీ కాల్చేవాళ్లకు ఒక మాట: ఇరుక్కున్న తొడుగును చాకు మొనతో పొడిచి లేపొద్దు. బ్లాక్ లోపలి గోడ మీద గీత పడితే, తర్వాతి తొడుగు ఆ గీతలోకి ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మొండి చెక్కపుల్లతో అంచు చుట్టూ మెల్లగా కదపడం మేలు. ప్రతి పది కాల్పులకీ తడి గుడ్డతో బ్లాక్ లోపల తుడిస్తే అసలు అంతదాకా రాదు. ఇంటికొచ్చాక వేడి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. పాతరకం తుపాకిమందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. పొగరాని కొత్తరకం మందు ఇందులో పొరపాటున కూడా వాడొద్దు. ఈ ఇనుము ఆ ఒత్తిడికి చేసింది కాదు.

రెండో జబ్బు నిప్పు దారి. నిపుల్ నుంచి తూటా అడుగు దాకా నిప్పు సన్నని మలుపుల దారిలో వెళ్లాలి, ఆఖరున సూది బెజ్జం లాంటి రంధ్రంలోంచి దూరాలి. మధ్యలో ఎక్కడ మసి అడ్డుపడ్డా క్యాప్ టప్పుమంటుంది, తుపాకీ మౌనంగా ఉంటుంది. అలాంటప్పుడు వెంటనే లివర్ దించడం ప్రమాదం. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మూతిని ఖాళీ వైపు పెట్టి కనీసం ఒక నిమిషం ఆగి, కొత్త క్యాప్ పెట్టి మళ్లీ చూడాలి. నిపుల్ విప్పి సన్నటి తీగతో దారి శుభ్రం చేసుకుంటే చాలామటుకు ఈ ఇబ్బంది రాదు.

మూడోది జబ్బు అనలేం, వ్యాపారంలో చేసిన పొరపాటు. ఈ తూటా ఈ తుపాకీకి తప్ప దేనికీ పనికిరాదు, ఈ తుపాకీకి ఈ తూటా తప్ప ఏదీ సరిపడదు. షార్ప్స్ వాడేవాడు కాగితమో నారగుడ్డో చుట్టి శిబిరంలోనే తూటా తయారు చేసుకోగలడు. బర్న్‌సైడ్ తొడుగుకు ఇత్తడి రేకు, అచ్చు, ప్రెస్సు, కార్ఖానా కావాలి. సరఫరా బండి రాకపోతే చేతిలో ఉన్నది మూడు కిలోల దుడ్డుకర్ర. దక్షిణాది రౌతులు కూడా కొందరు ఈ కార్బైన్లు పట్టుకుని వాడారు. వాళ్లకు తుపాకీ దొరకడం కంటే దానికి తూటా దొరకడం కష్టం. ఉత్తరాది సర్కారు మాత్రం యుద్ధకాలంలో 2 కోట్ల 18 లక్షల బర్న్‌సైడ్ తూటాలు కొంది. తుపాకీకి దాదాపు 390 చొప్పున. స్పెన్సర్‌కి ఇదే లెక్క వేస్తే 600 దాటుతుంది. వంట్లోనే క్యాప్ ఇముడ్చుకున్న రాగి తూటాలు ఏడేసి మింగే తుపాకీ అది, దానికి ఆకలెక్కువ. ఆ రెంటి మధ్య బర్న్‌సైడ్ సగం దారిలో ఆగిపోయింది. తొడుగు లోహానికి మారింది, నిప్పు మాత్రం ఇంకా పాత కాలంలోనే బయట ఉండిపోయింది.

కొనేవాళ్లకు, మ్యూజియంలో చూసేవాళ్లకు పనికొచ్చేది మోడళ్ల తేడా. సేకరించేవాళ్లు ఐదుగా విడదీస్తారు.

మొదటిదాన్ని గుర్తుపట్టడం సులభం. గొట్టం కింద చెక్క ఉండదు, క్యాప్‌ల బదులు టేపు ప్రైమర్ ఉంటుంది. దీపావళికి పిల్లలు కాల్చే రీలు తుపాకీ తెలుసు కదా, కాగితపు చుట్ట మీద మందు చుక్కలు, సుత్తి లాగిన ప్రతిసారీ చుట్ట ఒక గడి ముందుకు జరగడం, అచ్చం అదే ఏర్పాటు. వాన తగిలితే రీలు ఎలా చల్లబడుతుందో పిల్లలకే తెలుసు, సైన్యానికీ తొందరగానే తెలిసొచ్చింది. ఇవి కొన్ని వందలే తయారయ్యాయి. ధర ఆకాశంలో ఉంటుంది, నకిలీల భయమూ అంతే.

రెండో మోడల్‌లో టేపు పోయింది. జార్జ్ పి. ఫాస్టర్ పేరుతో 1860 ఏప్రిల్ 10 నాటి పేటెంటు ముద్ర కనిపిస్తుంది. ట్రిగ్గర్ కమ్మీ లోపల ఉండే గొళ్లెం అప్పుడు వచ్చిందే. తూటాను కూడా ఫాస్టరే సరిదిద్దాడు. గరాటు మూతి దగ్గర చుట్టూ ఉంగరంలా ఒక ఉబ్బు పెట్టాడు, అది సరిగ్గా అతుకు దగ్గర కూర్చుంటుంది. అసలు బర్న్‌సైడ్ తూటాను నమ్మదగినదిగా చేసింది ఈ ఉబ్బే. పేరు ఒకరిది, పదును ఇంకొకరిది.

మూడోది రెండోదానికి గొట్టం కింద చెక్క తగిలించినట్టు ఉంటుంది. ఎడమ చేతికి వేడి తగలకుండా పట్టు దొరికింది. ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

నాలుగోదాంట్లో అసలు మార్పు. 1863లో ఐజాక్ హార్ట్‌షోర్న్ పేటెంటుతో బ్రీచ్ బ్లాక్‌కి ఇంకో కీలు వచ్చింది. అంతకుముందు బ్లాక్ ఒకే కీలు మీద తిరిగేది, నోరు అరకొరగా తెరుచుకునేది, తూటాను వాల్చి దూర్చాల్సి వచ్చేది. రెండో కీలు వచ్చాక బ్లాక్ ముందు కిందికి దిగి, తర్వాత పైకి వాలుతుంది. తూటా పెట్టడం, తొడుగు లాగడం రెండూ సుఖం.

ఐదోది దానికే కొసరు. ఫ్రేమ్ కుడి పక్కన మధ్యలో ఒక స్క్రూ తల కనిపిస్తుంది. దాని కొన బ్లాక్‌లోని గాడిలో నడుస్తూ, బ్లాక్ అడ్డదిడ్డంగా ఊగకుండా దారిలో పెడుతుంది. ఫ్రేమ్ మీద ‘మోడల్ ఆఫ్ 1864’ అన్న ముద్ర ఉంటుంది. మొత్తం తయారీలో అధిక భాగం ఇదే. మార్కెట్లోకి వచ్చేవాటిలో చాలావరకు ఇవే. కాల్చడానికి కొనుక్కునేవాళ్లు ఇంకో ఆలోచన లేకుండా దీనికే వెళ్లడం మంచిది. అరుదైనవి గోడకి, ఐదోది భుజానికి.

కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్రేమ్ మీది నంబరు, బ్రీచ్ బ్లాక్ మీది నంబరు ఒకటేనా? యుద్ధం తర్వాత కుప్పగా పోసిన తుపాకీల్లోంచి భాగాలు తీసి అతికించినవి ఎన్నో ఉన్నాయి. వేరే తుపాకీ బ్లాక్ పైకి సరిపోయినట్టే కనిపిస్తుంది, అతుకు దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఈ తుపాకీ బతుకంతా ఆ వెంట్రుకవాసి మీదే. లివర్ మూసి, అతుకును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు గీత కనిపిస్తే కాల్చే ఆలోచన మానుకోండి. గొళ్లెం స్ప్రింగు ఇంకా తన్నుతోందా చూడండి. మెత్తబడితే కాల్చినప్పుడు లివర్ దానంతటదే జారొచ్చు. సుత్తి సగం లాగినప్పుడు నిలబడాలి, ట్రిగ్గర్ మీద గట్టిగా వేలు పెట్టినా జారకూడదు. ఎడమ వైపు జీను రింగు, దాని కమ్మీ అసలువేనా చూడాలి. రౌతు భుజం పట్టీకి తగిలించుకునేది అక్కడే, పోగొట్టుకునేదీ అక్కడే. అదే వైపు చెక్క మీద తనిఖీదారు కొట్టిన ముద్ర మసగ్గానైనా మిగిలి ఉంటే చెక్కను ఎవరూ ఉప్పుకాగితంతో గీకలేదని అర్థం. తళతళలాడే చెక్క చూసి మురిసిపోవద్దు, ముద్రతోపాటు విలువ కూడా గీకేశారన్నమాట. గొట్టం లోపల మచ్చలు ఎలాగూ ఉంటాయి. గుండును తిప్పే మెలికల గాళ్లు కనిపిస్తే చాలు, దర్పణంలా మెరవాలని ఆశించకండి.

కాల్చదలచుకుంటే లేత్ మీద తీసిన మందపాటి ఇత్తడి తొడుగులు ఇప్పుడు దొరుకుతాయి. పాత పల్చటి తొడుగులా ఉబ్బవు కాబట్టి ఇరుక్కోవడం తక్కువ. అదే కారణంగా ఆవిరి కొంచెం కారుతుంది. మళ్లీ అదే బేరం. ముందు పాత తుపాకీలు తెలిసిన కమ్మరి చేత తనిఖీ చేయించడం తప్పనిసరి.

అమెరికాలో ఉన్నవాళ్లకు చట్టం గురించి ఒక ముక్క. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి సమాఖ్య చట్టం కింద పురాతన ఆయుధాలు, మామూలు తుపాకీ కొనుగోలు నిబంధనలు వాటికి వర్తించవు. రాష్ట్రాల నియమాలు వేరు, మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోవాల్సిందే. హైదరాబాద్‌కో విజయవాడకో పట్టుకెళ్లి హాల్లో తగిలిద్దామనుకుంటే ఇక్కడి ఆయుధ చట్టం, కస్టమ్స్ రెండూ ఎదురొస్తాయి. సూట్‌కేసులో పెట్టే వస్తువు కాదది.

ఇంత మంచి సరుకు తయారు చేసినవాడు దివాలా ఎందుకు తీశాడన్నది న్యాయమైన ప్రశ్న. 1857లో వెస్ట్ పాయింట్‌లో పోటీ పెట్టారు. ఇంకో 17 రకాల కార్బైన్లతో పోటీపడి బర్న్‌సైడ్‌ది గెలిచింది. గెలుపు చేతిలో ఉంది, ఆర్డరు మాత్రం రాలేదు. సర్కారు 1856లో కొన్నది 200, 1858లో 709. యుద్ధ మంత్రి జాన్ బి. ఫ్లాయిడ్ పెద్ద ఒప్పందం ఆశ చూపించడంతో బర్న్‌సైడ్ కార్ఖానా మీద అప్పులు పోశాడు. లక్ష డాలర్ల ఆ ఒప్పందం రద్దయింది. ఇంకో తుపాకీల వ్యాపారి ఫ్లాయిడ్‌కి లంచమిచ్చాడన్న ఆరోపణ అప్పటి నుంచీ ఉంది. దానికితోడు కాంగ్రెస్ సీటుకి డెమోక్రాట్‌గా నిలబడి చిత్తుగా ఓడిపోయాడు, కార్ఖానాలో అగ్నిప్రమాదం జరిగింది. పేటెంటు హక్కులు అప్పులవాళ్ల చేతికి వెళ్లాయి. లంచం మాట ఎలా ఉన్నా, వ్యాపారం చూసే కంటితో చూస్తే అసలు లోపం వేరే ఉంది. సరుకు ఒకటే, కొనేవాడు ఒకడే, ఆ ఒక్కడూ మంత్రి మాట మీద నడిచే సర్కారు. తూటా ఆ తుపాకీకి తప్ప దేనికీ పనికిరానట్టే, ఆ కార్ఖానా ఆ ఒక్క గిరాకీకి తప్ప దేనికీ పనికిరాలేదు.

తర్వాత పడమటి దారి పట్టి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేలో కోశాధికారి అయ్యాడు. అక్కడ స్నేహితుడు జార్జ్ మెక్లెల్లన్ (తర్వాత ఉత్తరాది సేనాని), ఆ రైల్వే తరఫున కోర్టుల్లో వాదించిన వకీళ్లలో ఒకాయన అబ్రహాం లింకన్. ఇటు రోడ్ ఐలండ్‌లో కంపెనీ చేతులు మారి, పేరు బర్న్‌సైడ్ రైఫిల్ కంపెనీగా మారి, ప్రావిడెన్స్‌కి తరలింది. 1861లో యుద్ధం మొదలైంది. అప్పటిదాకా వందల్లో పలికిన ఆర్డర్లు వేలల్లోకి దూకాయి. ఆ డబ్బులో పేరు పెట్టినవాడి వాటా లేదు.

యుద్ధంలో ఆయన సంగతి చాలాచోట్ల చాలామంది రాశారు, ఇక్కడ క్లుప్తంగా. 1862 మొదట్లో నార్త్ కరొలైనా తీరంలో రోనోక్ ద్వీపం, న్యూ బెర్న్ గెలిచి మంచి పేరు తెచ్చుకున్నాడు. పెద్ద సైన్యం బాధ్యత ఇస్తామంటే రెండుసార్లు వద్దన్నాడు. తన కొలత తనకు తెలిసిన మనిషి అనిపిస్తుంది. సెప్టెంబర్ 17న యాంటీటమ్‌లో ఒక ఇరుకు రాతివంతెన దగ్గర కొద్దిమంది జార్జియా సైనికులు ఆయన దళాన్ని గంటల తరబడి నిలిపేశారు. ఆ వంతెన ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. నవంబరులో మూడోసారి అడిగేసరికి ఒప్పుకున్నాడు. ఫ్రెడరిక్స్‌బర్గ్ ఎదుట నది దాటాల్సిన పడవల వంతెన సామాను రోజుల తరబడి ఆలస్యమైంది. ఈలోగా దక్షిణాది సేనాని లీ సైన్యం గుట్టల మీద కుదురుకుంది. అయినా డిసెంబర్ 13న మళ్లీ మళ్లీ ఎదురెక్కించాడు. ఉత్తరాది నష్టం 12 వేలు దాటింది. సరఫరా రాకపోతే పథకం మార్చుకోవాలన్న పాఠం, తూటా రాని తుపాకీ తయారు చేసినవాడికి అందరికంటే ముందు తెలియాల్సింది. 1864 జులై 30న పీటర్స్‌బర్గ్ దగ్గర బొగ్గుగని కార్మికుల చేత 500 అడుగులకు పైగా సొరంగం తవ్వించి, 8,000 పౌన్ల మందు పేల్చి, తెరుచుకున్న గోతిలోకి తన సైన్యమే దిగి ఇరుక్కోవడంతో సైనిక జీవితం ముగిసింది.

ఆ తర్వాత జనం ఆయన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. 1866 నుంచి మూడేళ్లు వరసగా రోడ్ ఐలండ్ గవర్నర్. కొన్ని రైల్వేలకు అధ్యక్షుడు. 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. 1875 నుంచి 1881 సెప్టెంబరులో బ్రిస్టల్‌లో పోయేదాకా సెనేటర్. సొంత కార్ఖానా పెట్టి పోగొట్టుకున్న ఊళ్లోనే పోయాడు.

చివరిగా కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. ‘బర్న్‌సైడ్ రైఫిల్ కంపెనీ, ప్రావిడెన్స్’ అని ముద్ర ఉన్నంత మాత్రాన అది బర్న్‌సైడ్ కార్బైన్ కాదు. 1865లో ఆ కంపెనీ తన సొంత తుపాకీని పక్కన పెట్టి, సర్కారు ఒప్పందం మీద స్పెన్సర్ కార్బైన్లు 30 వేలకు పైగా తయారు చేసింది. ముద్రలో ‘మోడల్ 1865’ ఉంటే, భుజానికి ఆనించే మడమ చెక్కలో తూటాల గొట్టం ఉంటే, కాలిబర్ 0.50 అయితే అది స్పెన్సర్. తూటా రాగిది, దాన్ని బయటికి తోసే ఎక్‌స్ట్రాక్టర్ ఉంటుంది. అమ్మేవాడు రెంటినీ కలిపి మాట్లాడుతుంటే లివర్ దించి చూపించమనండి. బ్లాక్ నోరు పైకి తెరిచి గరాటులా కనిపించకపోతే డబ్బు జేబులోంచి తీయొద్దు.